కలుపు మందు లేకుండా కళకళలాడే పెరడు

జూన్‌లో బడులు తెరుస్తారు, తొలకరి కూడా అప్పుడే పడుతుంది. వేసవంతా బీటలు వారిన నేల పది రోజుల్లో పచ్చబడుతుంది. అయితే ఆ పచ్చదనంలో మనం నాటింది తక్కువ, దానంతట అదే మొలిచింది ఎక్కువ. జులై వచ్చేసరికి గేటు పక్కన గడ్డి మోకాలెత్తు పెరుగుతుంది. ప్రహరీ వెంట వయ్యారిభామ తెల్లగా పూస్తుంది. పిల్లలు సైకిలు తొక్కే పేవర్ బ్లాకుల సందుల్లో తుంగ తల ఎత్తుతుంది. సరిగ్గా అప్పుడే ఎవరో ఒక సలహా ఇస్తారు: "ఎరువుల షాపులో గడ్డి మందు దొరుకుతుంది, పంపులో కలిపి కొట్టిస్తే వారంలో మొత్తం మాడిపోతుంది."

మాడిపోయే మాట నిజమే. కానీ పిల్లలు ఆడుకునే ఇంట్లో ఆ సలహా ఎందుకు పాటించకూడదో, దాని బదులు ఏం చేయవచ్చో ఈ వ్యాసంలో చూద్దాం. దాంతోపాటు ఇంటి ముందున్న నాలుగు గజాల నేలను కలుపుకు చోటు దొరకని విధంగా ఎలా తీర్చిదిద్దుకోవాలో కూడా తెలుసుకుందాం.

ఇంటి దగ్గర గడ్డి మందు ఎందుకు వద్దు?

గడ్డి మందులన్నీ ఒకటి కావు. మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు: పారాక్వాట్, గ్లైఫోసేట్.

పారాక్వాట్ పొలాల కోసం తయారైన మందు. ఆకు మీద పడితే ఒకటి రెండు రోజుల్లోనే మాడుస్తుంది. పొరపాటున మనిషి మింగితే మాత్రం దీనికి విరుగుడు లేదు. ఒక గుక్క లోపలికి పోయినా మూత్రపిండాలను, ఊపిరితిత్తులను దెబ్బతీసి ప్రాణం తీయగలదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2007 నుంచి దీని వాడకానికి అనుమతి లేదు.

గ్లైఫోసేట్ విషయం వేరు. ఇది ఆకుల ద్వారా లోపలికి వెళ్లి వేరు దాకా చేరుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో దీన్ని "మనుషుల్లో బహుశా క్యాన్సర్ కారకం" అనే వర్గంలో చేర్చింది. అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు ఆ అంచనాతో ఏకీభవించలేదు. ఆ చర్చ ఎటు తేలినా మనకు సంబంధించిన విషయం ఒకటుంది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడరాదని 2022 అక్టోబరులో కేంద్ర వ్యవసాయ శాఖ నోటిఫికేషన్ ఇచ్చింది. అంటే సీసా కొని తెచ్చి మనమే పంపుతో కొట్టుకునే వస్తువుగా దాన్ని చూడకూడదు.

వీటికి తోడు ఇంటి పరిస్థితులు కూడా ఆలోచించాలి. రైతు పొలంలో మందు కొట్టి ఇంటికి వచ్చేస్తాడు. మన పెరట్లో మందు కొట్టిన చోటే సాయంత్రం పిల్లలు బంతి ఆడతారు, ఆ చేతులతోనే బిస్కెట్ తింటారు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలోనో మంచినీళ్ల సీసాలోనో పోసి మెట్ల కింద పెట్టడం చాలా ఇళ్లలో కనిపించే అలవాటు. చిన్న పిల్లల విషయంలో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇదే. మీ ఇంట్లో అలాంటి సీసా ఉందేమో ఈ రోజే చూడండి.

ఒకవేళ పిల్లలు ఏ మందైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. లక్షణాలు కనిపించే దాకా ఎదురుచూడకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా మీరే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బాను, కనీసం దాని లేబుల్‌ను వెంట తీసుకెళ్లండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 116 117.

అసలు కలుపు అంటే ఏమిటి?

మనకు అక్కర్లేని చోట మొలిచిన మొక్కే కలుపు. అంతకు మించి వేరే నిర్వచనం లేదు. చేలో గునుగు మొలిస్తే రైతు పీకేస్తాడు. అదే గునుగును బతుకమ్మ పేర్చడానికి వెతికి వెతికి కోసుకొస్తాం. లాన్‌లో గరిక పెరిగితే చికాకు పడతాం, వినాయక చవితి నాడు అదే గరిక కోసం బజారుకు వెళతాం. చవితి పత్రిలో అపామార్గం అంటే ఉత్తరేణి, అర్కం అంటే జిల్లేడు. రెండూ ఖాళీ స్థలాల్లో వాటంతట అవి పెరిగేవే.

కలుపు ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుందో అర్థమైతే సగం పని అయిపోయినట్టే. నేల పైపొరలో ఏళ్ల తరబడి రాలిన విత్తనాలు నిద్రపోతూ ఉంటాయి. దీన్ని వ్యవసాయ శాస్త్రవేత్తలు విత్తన నిధి అంటారు. వీటిలో చాలా రకాలకు మొలవడానికి తేమతోపాటు వెలుతురు కూడా కావాలి. మనం పారతో లోతుగా తవ్విన ప్రతిసారీ అడుగున ఉన్న విత్తనాలను పైకి తెచ్చి వెలుతురు చూపిస్తున్నాం. శుభ్రంగా తవ్వించిన మడిలో రెండు వారాలకే మునుపటి కన్నా ఎక్కువ కలుపు మొలవడానికి కారణం ఇదే.

కాబట్టి సూత్రాలు మూడే. ఒకటి, ఉన్న కలుపును గింజ కట్టనివ్వకూడదు. రెండు, నేలను అనవసరంగా తిరగేయకూడదు. మూడు, నేల మీద నేరుగా ఎండ పడనివ్వకూడదు. ఇక మీదట చెప్పే పద్ధతులన్నీ ఈ మూడింటిలో ఏదో ఒకటి చేసేవే.

శత్రువును గుర్తుపట్టండి

అన్ని కలుపు మొక్కలకూ ఒకే వైద్యం పనిచేయదు. మన ఇళ్ల దగ్గర కనిపించేవాటిలో ముఖ్యమైనవి ఇవి.

*వయ్యారిభామ.* కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. ఆకులు క్యారెట్ ఆకుల్లా చీలి ఉంటాయి, తెల్లని చిన్న పూలు పూస్తుంది. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ మొక్కను మన దేశంలో 1950ల మధ్యలో పుణే దగ్గర గుర్తించారు. తర్వాత దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేల సంఖ్యలో విత్తనాలు రాలుస్తుంది. దీని పుప్పొడి, ఆకుల మీది నూగు కొందరిలో చర్మంపై దద్దుర్లు, తుమ్ములు, ఆయాసం తెప్పిస్తాయి. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో దీన్ని మొదట తొలగించాలి. పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా పీకాలి. చేతికి గ్లవ్స్, నిండు చేతుల చొక్కా, ముఖానికి మాస్క్ తప్పనిసరి. ఈ పని పెద్దలదే, పిల్లలతో చేయించవద్దు. పూత రాని మొక్కల్ని కంపోస్టులో వేయవచ్చు, పూసినవాటిని వేయకూడదు. జబల్‌పూర్‌లోని జాతీయ కలుపు పరిశోధన సంస్థ చొరవతో ఏటా ఆగస్టు 16 నుంచి 22 వరకు దీనిపై దేశవ్యాప్తంగా అవగాహన వారం జరుపుతారు. మీ కాలనీలో అందరూ కలిసి పీకడానికి అది మంచి సందర్భం.

*తుంగ.* గడ్డిలా కనిపించినా ఇది గడ్డి కాదు. కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. నేలలో నల్లని చిన్న దుంపలు గొలుసులా ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. పైన ఆకు పీకితే దుంప మళ్లీ చిగురిస్తుంది. అందుకే "ఎంత పీకినా పోదు" అనిపిస్తుంది. కిటుకు ఏమిటంటే, మొక్కకు ఐదారు ఆకులు రాకముందే తీసేయాలి. వర్షాకాలంలో అంటే రెండు మూడు వారాలకు ఒకసారి. ఆ దశలో దుంప తన నిల్వ ఖర్చు పెట్టి ఆకు వేస్తుందే తప్ప కొత్త దుంప కట్టలేదు. ఇలా విడవకుండా రెండు సీజన్లు చేస్తే నీరసిస్తుంది. దీనికి నీడ పడదన్నది మరో బలహీనత. పైన ప్లాస్టిక్ షీటు పరిస్తే మాత్రం సూది లాంటి మొలకతో పొడుచుకుని పైకి వస్తుంది.

*గరిక.* నేల మీద పాకే కాడలతోనూ, నేల లోపల సాగే కాడలతోనూ వ్యాపిస్తుంది. ప్రతి కణుపు దగ్గరా వేరు వేస్తుంది. ముక్కలుగా నరికితే ప్రతి ముక్కా ఒక మొక్క అవుతుంది. కాబట్టి దీన్ని పారతో కొట్టకుండా, మట్టిని గుల్ల చేసి కాడను పొడవుగా లాగి తీయాలి. నిజానికి పిల్లలు పరుగులు పెట్టే చోట గరికే మంచి లాన్. దానికి హద్దు కడితే చాలు, శత్రువు కాదు.

*పల్లేరు, గలిజేరు, గంగవాయిలి.* ఇవి నేలకు అంటుకుని పాకేవి. పల్లేరు కాయలు ముళ్లతో పాదాల్లో గుచ్చుకుంటాయి, సైకిల్ ట్యూబుల్నీ వదలవు. కాయ కట్టకముందే తీయాలి. గంగవాయిలి కూరను పప్పులో వేసుకోవడం మనకు తెలిసిందే. అయితే అచ్చం దానిలాగే నేలబారుగా పాకే నానబాలు జాతి మొక్కలున్నాయి. కాడ తుంచితే పాలు కారితే అది గంగవాయిలి కాదు. బాగా గుర్తుపట్టగల పెద్దలు చూసి చెప్పిన తరువాతే, అదీ ఎప్పుడూ మందు కొట్టని చోట పెరిగినదే వండుకోవాలి.

పనిచేసే ఐదు పద్ధతులు

*1. వాన మర్నాడు చేత్తో తీయడం.* అన్నిటికన్నా పాత పద్ధతి, ఇప్పటికీ మేలైనది. వాన వెలిసిన మర్నాడు నేల వదులుగా ఉంటుంది, వేరు తెగకుండా వస్తుంది. వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు కేటాయిస్తే నెలకోసారి కూలి మనిషిని పెట్టుకోవలసిన అవసరం రాదు. పెద్ద మొక్కలకు చిన్న తొలిక చాలు. చిన్న మొలకలను దోకుడుపారతో నేల పైపైన, అంగుళం లోతుకు మించకుండా గీరాలి. ఎండ కాసే ఉదయం గీరితే సాయంత్రానికి వాడిపోతాయి.

*2. ఆచ్ఛాదన.* నేల మీద సేంద్రియ పదార్థాన్ని దుప్పటిలా కప్పడం. ఎండుటాకులు, వరిగడ్డి, కొబ్బరి పీచు, వేరుశెనగ పొట్టు, ఏది దొరికితే అది. మూడు నాలుగు అంగుళాల మందం ఉండాలి. పలచగా చల్లితే ప్రయోజనం లేదు. 100 చదరపు అడుగుల మడికి మూడు అంగుళాల మందం అంటే 25 ఘనపుటడుగుల సరుకు కావాలి. దాని అడుగున పాత అట్టపెట్టెలను టేపులు, పిన్నులు తీసి, తడిపి, అంచులు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరిస్తే ఇంకా గట్టిగా పనిచేస్తుంది. దీనివల్ల కలుపు తగ్గడమే కాదు, నేల తేమ నిలుస్తుంది, కుళ్లిన తరువాత ఎరువవుతుంది. రెండు జాగ్రత్తలున్నాయి. మొక్క మొదలుకు రెండు మూడు అంగుళాల దూరం వదలాలి, లేకపోతే కాండం కుళ్లుతుంది. ఇంటి గోడకు అడుగున్నర దూరంలోనే ఆపేయాలి, లేకపోతే చెదలకు దారి చూపినట్టవుతుంది.

*3. ఎండతో ఉడకబెట్టడం.* మన ఏప్రిల్, మే ఎండలు దీనికి సరిగ్గా సరిపోతాయి. కొత్తగా మడి వేయదలచిన చోట నేలను చదును చేసి, బాగా నీళ్లు పెట్టి, పలుచని పారదర్శక పాలిథిన్ షీటును నేలకు అంటుకునేలా పరవాలి. అంచుల్ని చిన్న కాలువలో పెట్టి మట్టితో కప్పి గాలి ఆడకుండా చేయాలి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా వదిలేస్తే లోపలి వేడికి పైపొరలోని విత్తనాలు చాలా వరకు చనిపోతాయి. షీటు నల్లగా ఉండకూడదు. పారదర్శకమైనదైతే ఎండ దాని గుండా వెళ్లి నేలనే నేరుగా వేడెక్కిస్తుంది. తడి వేడిని లోపలికి తీసుకెళుతుంది. తుంగ దుంపలకు మాత్రం ఇదొక్కటే సరిపోదు. షీటు తీశాక లోతుగా తవ్వకండి, తవ్వితే అడుగు విత్తనాలు పైకొస్తాయి.

*4. మొలవనిచ్చి తీసేయడం.* కొత్త మడి సిద్ధం చేశాక వెంటనే మొక్కలు నాటకండి. నీళ్లు పెట్టి పది పన్నెండు రోజులు ఆగండి. మొలిచిన కలుపును పైపైన గీరేయండి. ఇలా రెండుసార్లు చేసి అప్పుడు నాటితే తరువాతి పని సగానికి సగం తగ్గుతుంది. బయట నుంచి ట్రాక్టరుతో తెప్పించే ఎర్రమట్టికి, పూర్తిగా మాగని పశువుల ఎరువుకు కూడా ఇదే వర్తిస్తుంది. చాలా ఇళ్లకు తుంగ వచ్చేది ఆ ఎర్రమట్టి లోడుతోనే. కుప్పను తడిపి రెండు మూడు వారాలు ఉంచి, మొలిచినవి తీసేశాకే కుండీలకు, మడులకు వాడండి.

*5. ఒత్తుగా నాటడం.* ఖాళీ నేల కనిపిస్తే ప్రకృతి నింపేస్తుంది. ఆ పని మనమే ముందుగా చేయాలి. మొక్కల మధ్య నేల కనిపించనంత ఒత్తుగా, నేలను కప్పే రకాలు నాటితే కలుపు విత్తనానికి వెలుతురు అందదు. ఎండ ఉన్న చోట టేబుల్ రోజ్, చామంతి, బంతి, నీడ ఉన్న చోట వాము ఆకు, తేమ ఉన్న చోట పొన్నగంటి బాగా కప్పుతాయి. పసుపు పూల సింగపూర్ డైసీని నర్సరీల్లో చౌకగా ఇస్తారు. అది పక్కవాళ్ల స్థలంలోకీ కాలువల్లోకీ పాకి కొత్త కలుపుగా మారుతుంది కాబట్టి వద్దు.

వంటింటి చిట్కాల సంగతి

వెనిగర్, ఉప్పు, గిన్నెలు కడిగే లిక్విడ్ కలిపి చల్లితే కలుపు పోతుందని వాట్సాప్‌లో తరచూ వస్తుంటుంది. ఇందులో కొంత నిజం, కొంత ప్రమాదం ఉన్నాయి.

వంటకు వాడే వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం నాలుగైదు శాతం ఉంటుంది. అది లేత మొలకల ఆకులను మాడుస్తుంది, వేరును తాకదు. తుంగ, గరిక వారంలో మళ్లీ చిగురిస్తాయి. ఇంకో సంగతి, మన ఇళ్ల ముందు పరిచే తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ అన్నీ సున్నపురాయి జాతివే. ఆమ్లం పడితే పాలిష్ పోయి మచ్చలు పడతాయి. నిమ్మరసం పడ్డ కడప బండ వంటగట్టు ఎలా తెల్లబడుతుందో చూసినవారికి ఇది తెలుసు.

ఉప్పు సంగతి మరీ ముఖ్యం. ఉప్పు కలుపునే కాదు, నేలనే చంపుతుంది. వానకు కరిగి పక్కనున్న కరివేపాకు, మందారం వేళ్ల దగ్గరికి చేరుతుంది. ఒకసారి నేలలో చేరిన ఉప్పును తీయడం కష్టం. సిమెంటులోని ఇనుప చువ్వలకు కూడా మంచిది కాదు. ఏ రూపంలోనూ ఉప్పు వాడకండి.

మరిగే నీళ్లు మాత్రం బ్లాకుల సందుల్లో మొలిచే గడ్డికి పనికొస్తాయి. పోసిన చోట మొక్క ఉడికిపోతుంది, నేలలో ఏమీ మిగలదు. లోతైన వేరు ఉన్నవాటికి రెండు మూడు సార్లు పోయాలి. పిల్లలు బడికి వెళ్లిన తరువాత, చెప్పులు కాదు బూట్లు వేసుకుని, మూత ఉన్న పాత్రతో పెద్దలే చేయాలి.

ఇంటి ముందు నేలను ఎలా తీర్చిదిద్దాలి?

కలుపు బాధ పడలేక చాలామంది ఇంటి చుట్టూ మొత్తం సిమెంటు చేయించేస్తారు. దాని ఖరీదు వర్షాకాలంలో తెలుస్తుంది. లెక్క సులువు: ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 గజాల స్థలం దాదాపు 84 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల వాన పడితే 2,100 లీటర్ల నీళ్లు. మట్టి ఉంటే అందులో మంచి భాగం ఇంకుతుంది. సిమెంటు చేస్తే దాదాపు మొత్తం వీధిలోకి పోతుంది, వేసవిలో మనం ట్యాంకరు కొంటాం. వేసవి రాత్రుల్లో ఆ సిమెంటు వదిలే వేడి అదనం.

దాని బదులు ఇలా ప్రయత్నించండి.

*ముందు చూడండి.* ఒక ఆదివారం ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం మూడుసార్లు ఎండ ఎక్కడ పడుతోందో గమనించండి. ఆరు గంటలకు మించి ఎండ ఉంటే పూలు, కూరగాయలు. అంతకన్నా తక్కువైతే ఆకుల అందం ఉన్న మొక్కలు. వాన పడ్డప్పుడు నీళ్లు ఎటు పారుతున్నాయో, ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి. వాలు ఎప్పుడూ ఇంటి గోడకు దూరంగా ఉండాలి. నీళ్లు చేరే మూల ఇంకుడు గుంతకు తగిన చోటు.

*ముగ్గుతో ప్లాను గీయండి.* కాగితం అక్కర్లేదు. ముగ్గు పిండితో నేల మీదే దారి, మడి, పిల్లల ఆట స్థలం గీసి రెండు రోజులు నడిచి చూడండి. అందరి కాళ్లూ ఎటు పోతున్నాయో అదే దారి. దారి కనీసం మూడు అడుగుల వెడల్పు ఉంటే ఇబ్బంది లేకుండా నడవవచ్చు. బండల మధ్య సందుల్లో సిమెంటు బదులు ఇసుకో సన్న కంకరో గట్టిగా కూరితే నీళ్లు ఇంకుతాయి, కలుపూ తగ్గుతుంది.

*హద్దు కట్టండి.* మడికీ గడ్డికీ మధ్య ఇటుకలను నిలువుగా, నాలుగైదు అంగుళాలు నేలలోకి దిగేలా పాతితే గరిక మడిలోకి రావడం చాలా తగ్గుతుంది. చిన్న ఖర్చుతో కనిపించే పెద్ద మార్పు ఇదే.

*మూడు వరుసలు.* వెనుక ఎత్తైనవి, మధ్యలో పొదలు, ముందు నేలను కప్పేవి. ఉదాహరణకు ప్రహరీ వైపు పారిజాతం లేదా కరివేపాకు, మధ్యలో మందారం, నందివర్ధనం, ముందు బంతి, టేబుల్ రోజ్. మునగకు కొమ్మలు విరిగే గుణం ఉంది, కాబట్టి కారు నిలిపే చోటికి దూరంగా నాటండి. రావి, మర్రి లాంటివి గోడ సందుల్లో పక్షుల రెట్ట ద్వారా మొలుస్తాయి. చిన్నగా ఉన్నప్పుడే తీసేయాలి.

*లాన్ ఎంత?* లాన్‌కు ఎండ, నీళ్లు, వారం వారం కోత కావాలి. అంత శ్రద్ధ పెట్టలేని లాన్‌లోనే కలుపు ఎక్కువ. పిల్లలు కూర్చుని ఆడేంత ముక్క చాలు. కోసినప్పుడు ఒకేసారి మూడో వంతు కంటే ఎక్కువ కోయకూడదు. మరీ పొట్టిగా గీకేస్తే గడ్డి బలహీనపడి, ఖాళీల్లో కలుపు వస్తుంది.

*అపార్టుమెంటులో ఉంటే* కుండీల్లోనూ ఇవే సూత్రాలు పనిచేస్తాయి. పైన అంగుళం మందాన కొబ్బరి పొట్టు వేయండి, కొత్త మట్టిని మొలవనిచ్చి వాడండి. కుండీల కింది పళ్లాల్లో నీళ్లు వారానికి ఒకసారైనా పారబోయండి. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది, "ఫ్రైడే డ్రైడే" వెనుక ఉన్న లెక్క ఇదే.

పిల్లలూ తోటా: జాగ్రత్తలు

అందంగా ఉందని తెచ్చిన ప్రతి మొక్కా పిల్లలకు మంచిది కాదు. గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో అన్ని భాగాలూ విషమే, గుండె మీద పనిచేస్తాయి. ఉమ్మెత్త కాయలు, గింజలు కూడా విషం. గురివింద గింజలు, ఆముదం గింజలు నమిలితే ప్రాణాపాయం. కుండీల్లో పెంచే డైఫెన్‌బేకియా ఆకు కొరికితే నాలుక వాస్తుంది. ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో ఇవి అందే ఎత్తులో ఉండకూడదు. పెద్ద పిల్లలకు వీటి పేర్లు చెప్పి చూపించాలి.

వర్షాకాలంలో పాముల భయం సహజం. ఎత్తుగా పెరిగిన గడ్డి, ఇటుకల కుప్పలు, ఎలుకల బొరియలు వాటికి ఇష్టమైన చోట్లు. గోడ వెంట రెండు అడుగులు శుభ్రంగా ఉంచండి, పొదల అడుగు కొమ్మలు కత్తిరించండి. పొదలోకి చేయి పెట్టే ముందు కర్రతో కదిలించండి. బంతి పొదలో పడితే పెద్దలను పిలవాలని పిల్లలకు నేర్పండి.

ఇవి పాటిస్తే మిగిలిన పనంతా పిల్లలది కూడా. ఆరేళ్లలోపు వారు ఎండుటాకులు ఏరి మడిలో పరుస్తారు. ఏడు నుంచి పదేళ్ల వారు మీ పక్కన కూర్చుని చిన్న మొలకలు తీస్తారు, పేర్లు నేర్చుకుంటారు. అంతకన్నా పెద్దవారికి ఒక ప్రయోగం ఉంది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పుతో రెండు చతురస్రాలు గీయించండి. ఒకదాని మీద నాలుగు అంగుళాల ఎండుటాకులు కప్పండి, రెండోది ఖాళీగా వదలండి. రెండింటికీ సమానంగా నీళ్లు పోయాలి. మూడు వారాల తరువాత రెండింటిలో మొలిచిన మొక్కలు లెక్కపెట్టి, నోట్‌బుక్‌లో బార్ గ్రాఫ్ వేయమనండి. కలుపుకు వెలుతురుతో ఉన్న సంబంధం పాఠ్యపుస్తకం లేకుండానే అర్థమవుతుంది.

ఏడాది పొడవునా ఏం చేయాలి?

- ఏప్రిల్, మే: కొత్త మడులకు పాలిథిన్ షీటు పరచడం. తవ్వి తీసిన తుంగ దుంపలను సిమెంటు నేల మీద రెండు వారాలు ఎండబెట్టడం. వాటిని కంపోస్టులో వేయవద్దు.
- జూన్, జులై: వాన మర్నాడు కలుపు తీయడం, మొక్కలు నాటడం, వెంటనే ఆచ్ఛాదన.
- ఆగస్టు, సెప్టెంబరు: వయ్యారిభామ పూతకు ముందే తొలగింపు. చవితికి గరిక, ఉత్తరేణి మీ పెరట్లోనే కోసుకోండి.
- అక్టోబరు, నవంబరు: బతుకమ్మ దాకా గునుగును ఒక మూల ఉంచి, తరువాత గింజ రాలకముందే తీసేయడం. ఆచ్ఛాదన మళ్లీ నింపడం.
- డిసెంబరు నుంచి మార్చి: రాలిన ఆకులను తగలబెట్టకుండా గోతాల్లో నిల్వ చేయడం. వేసవికి అవే దుప్పటి.

అన్నీ ఒకేసారి మొదలుపెట్టనక్కర్లేదు. ఈ నెలకు రెండు పనులు చాలు. మెట్ల కింద, షెడ్డులో పాత మందు సీసాలు ఉన్నాయేమో వెతికి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. వాటిని కాలువలో పారబోయవద్దు. తరువాత వచ్చే వాన మర్నాడు, గేటు పక్కన పది అడుగుల మేర మీ అబ్బాయినో అమ్మాయినో వెంటబెట్టుకుని కలుపు తీసి, ఎండుటాకులు కప్పండి. మూడు వారాల తరువాత ఆ పది అడుగులనీ మిగిలిన స్థలంతో పోల్చి చూడండి. తరువాతి పది అడుగులకు పిల్లలే మిమ్మల్ని పిలుస్తారు.